పళ్ళాయన పంతం

ఆయన పని కట్టుడు పళ్ళు చేయడం. అందుకే వీధివీధంతా ఆయన్ని పళ్ళాయన అనేవారు. పళ్ళాయన కొట్టెక్కడని అడిగి తెలుసుకుని, ద్రాక్షపళ్ళు కొందామని సంచీతో వచ్చి, అద్దాల బీరువాలో వరసగా నవ్వుతున్న దవడల్ని చూసి నోరెళ్ళబెట్టినవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు.

పని విషయంలో ఆయనకు తిరుగులేదు. చిన్న దీపం మీద చాకు వేడి చేసి, మైనం కరిగించి, అందులో ఒక్కో పన్నూ నిలబెట్టి, వేలికొసతో తడిమి చూసేవాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఆ వేలికి తెలిసిపోయేది. ముప్ఫై ఏళ్ళలో ఒక్క సెట్టూ వెనక్కి రాలేదు.

ఒకసారి ఒక బడివాళ్ళు సైన్సు గది కోసం ఆవు, పిల్లి, మనిషి దవడల నమూనాలు చేసిపెట్టమన్నారు. చేశాక మూడింటినీ బల్ల మీద పెట్టి కదిపి చూశాడు. పిల్లి దవడ కత్తెరలా పైకీ కిందకీ ఆడిందే తప్ప పక్కకు జరగలేదు. ఆవుది పక్కలకు తిరిగింది. మనిషిదీ తిరిగింది. పళ్ళాయన చాకు కింద పెట్టేశాడు.

ఆ పూట భోజనం దగ్గర భార్యతో అన్నాడు: "మనం నూరుకు తినేవాళ్ళమే, చీల్చుకు తినేవాళ్ళం కాదు. ఇకనించి నాకు మాంసం, చేపలు వద్దు."

నెల తిరక్కుండా గుడ్లు మానేశాడు. ఆ తర్వాత పాలు, పెరుగు కూడా. "దూడ పళ్ళు ఊడకముందే పాలు మానేస్తుంది, మనకేం వచ్చింది?" అనేవాడు.

ఆయన బావమరిదికి చేపల కొట్టుంది. అతనికిది తలకొట్టేసినట్టయింది. వచ్చినప్పుడల్లా పెదవి పైకెత్తి చూపించేవాడు. "మరి ఈ కోరపళ్ళు దేనికి బావా? ఆకులు చీల్చడానికా?"

"గొరిల్లా కోరలు చూశావా? నీ వేలంతుంటాయి. అది తినేది ఆకులూ దుంపలే."

"అయితే వెళ్ళి చెట్టెక్కి కూచో!"

ఇలా నాలుగేళ్ళు గడిచాయి. పళ్ళాయన ఒళ్ళు తేలికపడింది. పొట్ట తగ్గింది. నేను చెప్పలా అన్నట్టు అందరివంకా చూసేవాడు.

అయిదో ఏట ఒక ముసలమ్మకు చేసిన సెట్టు వెనక్కి వచ్చింది. సరిచేసి ఇచ్చాడు. మళ్ళీ వచ్చింది. మూడోసారి ఆవిడే మొహమాటపడుతూ, "నా చిగుళ్ళే మారిపోయినట్టున్నాయిలే నాయనా" అంది. చిగుళ్ళు మారలేదని ఆయనకు తెలుసు. మారింది తన వేలికొసలు. చేతికి తొడుగు వేసుకుని తడిమినట్టుంది. అరికాళ్ళ కింద దూది పరిచినట్టుంది. మెట్లు దిగుతుంటే గోడ పట్టుకోవలసి వస్తోంది.

ఆయన తండ్రికి కూడా ఇలాగే మొదలైంది; చివరికి కాళ్ళూ చేతులూ పడిపోయి మంచం పట్టి పోయాడు. వంతు తనకు వచ్చిందనుకున్నాడు పళ్ళాయన. ఎవరికీ చెప్పలేదు. కొత్త పనులు వస్తే, చేతినిండా పనుందని తిప్పి పంపేసేవాడు.

ఒక మధ్యాహ్నం భార్య టీ తీసుకుని కొట్లోకి వచ్చింది. ఆయనకు పాలు లేని టీ. గ్లాసు అందిస్తూ ఆయన చేయి చూసి ఆగిపోయింది. చూపుడు వేలి మీద ఉసిరికాయంత బొబ్బ.

"ఇదెప్పుడు కాలిందండీ?"

ఆయన వేలివంక తనూ కొత్తగా చూశాడు. "ఏమో."

"ఏమో ఏమిటి? ఇంత కాలితే తెలీలేదా మీకు?"

ఆవిడ టీ అక్కడే వదిలేసి, కొట్టు తలుపు దించి, ఆయన్ని చేయి పట్టుకుని ఆస్పత్రికి నడిపించుకుపోయింది.

డాక్టరమ్మ ఆయన కాళ్ళ మీద సూదితో గుచ్చి చూసింది. కళ్ళు మూసుకుని నిలబడమంటే ఆయన తూలాడు. "ఏం తింటారు?" అని అడిగింది. పళ్ళాయన, భయంలోనూ తన వాదన మానకుండా, పిల్లి దవడ దగ్గరనించి మొదలుపెట్టి తండ్రి జబ్బుదాకా అంతా చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా విని, రక్తం తీయించి, నాలుగు రోజుల తర్వాత రమ్మంది.

ఆ నాలుగు రోజులు ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. అయిదో రోజు బావమరిది కూడా కొట్టు మూసి వెంట వచ్చాడు.

డాక్టరమ్మ కాగితం చూసి తలెత్తింది. "మీ నాన్నగారికేం వచ్చిందో నాకు తెలీదు గానీ, మీకు వచ్చింది బి పన్నెండు విటమిన్ లోటు. నరాలు దానికోసం అలమటిస్తున్నాయి. ఇంజెక్షన్లు చేస్తాం. తగ్గుతుంది."

"తగ్గుతుందా?" అన్నాడు పళ్ళాయన.

"చాలావరకు తగ్గుతుంది. ఇంకా ఆలస్యం చేసుంటే చెప్పలేకపోయేదాన్ని."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, బరువు దించుకున్న కూలీలా ఊపిరి వదిలాడు. కాసేపటికి ఆయనలోని వాదన మళ్ళీ లేచి కూర్చుంది. "మరి ఆవు గడ్డే తింటుంది కదమ్మా, దానికి రాదేం?"

ఆవిడ నవ్వింది. "ఆవు పొట్టలో కంటికి కనపడని క్రిములుంటాయి, అవే దీన్ని తయారుచేసిపెడతాయి. మన పేగుల్లోనూ ఉన్నాయి గానీ మరీ కింద ఉన్నాయి. అవి చేసింది ఒంటికి పట్టదు, బయటికి పోతుంది. మీరు పళ్ళు చూశారు, పేగులు చూడలేదు."

"అయితే మనిషి మాంసం తినాల్సిందేనంటారా?" బావమరిది ముందుకు జరిగాడు.

"అలా అన్లేదు. మన పూర్వీకులు ఆకూ దుంపా, పురుగూ మాంసమూ, ఏది దొరికితే అది తిన్నారు. వండుకోవడం నేర్చాక పళ్ళకీ పేగుకీ పని తగ్గింది. ఈ ఒళ్ళు ఏదో ఒకదానికే రాసిచ్చింది కాదు. ఆకులే తింటానంటే తినండి, ఇంజెక్షన్లయ్యాక ఈ విటమిన్ మాత్ర మాత్రం మానకండి. అదీ క్రిములు చేసేదే, ఏ జంతువునీ చంపక్కర్లేదు."

బయటి వసారాలోకి వచ్చాక, బావమరిది గెలిచినట్టు ఏదో ఒకటి అంటాడని పళ్ళాయన ఎదురుచూశాడు. అతను గోడవైపు తిరిగి చేతిరుమాలు కళ్ళకి ఒత్తుకుంటున్నాడు. "పోతావనుకున్నాను బావా" అన్నాడు. పళ్ళాయన భార్య ఇద్దర్నీ చూసి, ఏడవబోయి, నవ్వేసింది. "పదండి, ఆకలేస్తోంది నాకు" అంది.

వేళ్ళకు స్పర్శ ఒక్కరోజులో రాలేదు. మొదట చీమలు పాకినట్టు, తర్వాత మంట పుట్టినట్టు ఉండేది. రెండో నెలలో ఒక పొద్దున్న చొక్కా గుండీలు చూడకుండానే పెట్టుకుని, "ఇదుగో, చూడు!" అని భార్యని కేకేశాడు. ఆవిడ పొయ్యి మీది గిన్నె వదిలేసి పరిగెత్తుకొచ్చింది. మళ్ళీ విప్పి మళ్ళీ పెట్టి చూపించాడు.

మాంసం, చేపలు ఆయన మళ్ళీ ముట్టలేదు. పాలు మాత్రం టీలోకి రానిచ్చాడు, అదీ భార్య బతిమాలితే. తిండి సంగతి ఎవరైనా ఎత్తితే ఇప్పుడు ముందు, "రక్తం పరీక్ష చేయించుకున్నావా?" అని అడుగుతాడు. కొత్త పనులు తిప్పి పంపడం మానేశాడు. ఎడమ చిటికెన వేలి కొస మాత్రం ఇంకా కాస్త మొద్దుగానే ఉంది. దాంతో తనకు పెద్ద పనేం లేదంటాడు.