మామ అడిగిన పానకం

పండుగ పూట మా మామ ప్రాణం తీయబోయాను, అదీ ఎంతో ప్రేమగా.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. తెలకపల్లిలో పీర్ల పండుగ. నా నౌకరీ వనపర్తిలో; పండుగకు అత్తగారింటికి వచ్చాను. మామ ఏటా పీరు ఎత్తేవాడు; ఎత్తేదాకా ఒక్కపొద్దు. ఆయనకు అప్పుడే చక్కెర బీమారి బయటపడింది. నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకుపోయింది నేనే. డాక్టరు చెప్పింది సగం విని, మొత్తం విన్నవాడిలా ఇంటి మీద పెత్తనం చేస్తున్నాను.

“గోలి ఏసుకున్నవా మామా?”

“ఇయ్యాల ఒక్కపొద్దు గదా అల్లుడా. తిననోనికి గోలెందుకు?”

“పండుగని బీమారి సెలవు పెడ్తదా?”

ఖాళీ కడుపున దగ్గరుండి మింగించాను.

మధ్యాహ్నం పీరు ఎత్తగానే మామ వణికిపోయాడు. చెమటకు అంగీ ఒంటికి అతుక్కుంది. చూపు ఎటో, మాట ముద్దముద్ద. ఏటా కొంచెమే ఊగే మనిషికి ఇంత పూనకమా అని జనం చేతులు జోడించారు. అందరికంటే ముందు నేను.

“వానలు పడ్తయా సామీ?” అన్నాడొక రైతు.

“పానకం,” అన్నాడు మామ.

“వనపర్తి నుంచి నా బదిలీ అయితదా సామీ?” ఇది నేను.

“పానకం తేరా.”

ఎవరో చెంబు తెచ్చారు. సరిగ్గా అప్పుడే నాలోని సగం డాక్టరు నిద్రలేచాడు. చెంబుకు అడ్డం నిలబడ్డాను.

“ఈయనకు చక్కెర ఉంది. పానకం బంద్.”

అత్త నన్ను మోచేత్తో నెట్టింది. “జరుగు అల్లుడా. అడిగేది పీరు గాదు, మీ మామ. పొద్దుగాల్నుంచి ఏం తిన్లేడు, మీదికెల్లి నీ గోలి.”

పీరును ఇంకొకరు అందుకున్నారు. మామ కూర్చుని పానకం తాగాడు. కాసేపటికి వణుకు తగ్గింది, చూపు నిలిచింది. నిలిచింది నా మీదే.

“బదిలీ అడిగినవు గదా. అయితది. మా ఇంట్లకెల్లి.”

మర్నాడు డాక్టరు నాకే ఎక్కువ మందు వేశాడు. “గోలి మింగి తినకుంటే చక్కెర పడిపోతది. చెమట, వణుకు, తిక్క మాటలు, అవే గుర్తులు. మనిషి తెలివిల ఉంటే వెంటనే తీపియ్యి. లేకుంటే నోట్ల ఏం పొయ్యకు, దవాఖానకు ఉరుకు. ఒక్కపొద్దుంటే ముందుగాల నన్నడుగు.” ఈసారి మొత్తం విన్నాను.

మరుసటి ఏడు డాక్టర్ని అడిగాకే మామ పీరు ఎత్తాడు. ఆయన వెనకాలే పానకం చెంబుతో నేను. జేబులో బెల్లం గడ్డ, దాని కోసం వచ్చిన చీమలు నా నడుము చుట్టూ. అవి కుడుతుండగానే ప్రమాణం చేశాను: తినని మనిషికి గోలి వేయను, వణికే మనిషిని బదిలీ అడగను.