చీమల వాటా

మా విశ్వవిద్యాలయం గేటు ముందు ఒకావిడ సాయంత్రాలు జొన్నరొట్టెలు కాల్చి అమ్ముతుంది. పెనం మీద పిండి మాడే ఆ వాసన తగిలితే నాకు ఆకలి వేయదు, మనసు చివుక్కుమంటుంది. పిల్లలకు మానవశాస్త్రం పాఠం చెప్పి బతుకుతున్న మనిషిని, ఆ వాసనకు మాత్రం పదేళ్ల పిల్లనైపోతాను.

డెబ్బైల చివర్లో ఆళ్లగడ్డ దగ్గర మా ఊళ్లో, చలి విరిగే రోజుల్లో, కళ్లంలో జొన్నలు తూర్పారబడుతుంటే పొట్టు మెడలో చేరి దురద పెట్టేది, మేం పిల్లలం చొప్ప కట్టల మీద దొర్లి దొర్లి జొన్నపేలాలూ బెల్లమూ నములుతూ ఉండేవాళ్లం, మా అవ్వ మాత్రం కొత్త గింజల్లో మొదటి దోసెడు తీసి గట్టు పక్కనున్న చీమల పుట్ట దగ్గర పోసి, కొంగు దులుపుకుని వచ్చేది. దండం పెట్టేది కాదు. మాది రెండు తరాల క్రైస్తవ కుటుంబం. ఎందుకు పోస్తావని ఒకసారి అడిగాను.

"కరువులో చీమల పుట్టలు తవ్వి గింజలు తెచ్చుకొని తింటిమి పాపా. వాటి నోటికాడిది. ఇచ్చేస్తాండా, అంతే."

ఆ ఏడు పట్నం నుంచి ఒక పరిశోధకుడు వచ్చి నంద్యాలలో బస చేసి, రోజూ బస్సులో మా ఊరికి వచ్చేవాడు. అవ్వ గింజలు పోయడం చూసి నన్ను పక్కకు పిలిచాడు. ఇది నాగదేవతకేనా, మీ పాత అలవాటేనా అని మెత్తగా అడిగాడు. నాకు నిజం తెలుసు. కానీ చీమల తిండి తిన్నామని ఎలా చెప్పను? సిగ్గుతో అవునన్నట్టు తలూపాను. ఆయన ముఖం వెలిగిపోయింది, గబగబా రాసుకున్నాడు. కొత్త మతం అడుగున పాత మతం బతికే ఉంటుందన్న సిద్ధాంతాన్ని వెంటబెట్టుకుని వచ్చాడని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

ఎండాకాలంలో ఆయన నంద్యాల కాలేజీలో ఆ సంగతి మీద ప్రసంగించాడు. మా చర్చి అయ్యగారు అది విని వచ్చారు. ప్రభువు రొట్టె పంచే తర్వాతి సంస్కారపు ఆదివారం అవ్వ మోకరించి చేతులు చాచి ఉంటే, అయ్యగారు రొట్టె పళ్లెంతో ఆమెను దాటి పోయారు. ఆరాధన అయ్యాక, పుట్టకు మొక్కుతున్నావట కదా అని అందరి ముందూ నిలదీశారు.

"నేను యాడ మొక్కినా అయ్యగారూ? చీమలకు పోస్తాండా."

చదువుకున్న మనిషి చెప్పిన మాటను కాదని ఆయన అవ్వ మాట నమ్మలేదు. నేను చాప మీద ఆమె కొంగు పట్టుకునే కూర్చున్నాను, నోరు విప్పలేదు. ఏడాది పాటు అవ్వ ప్రతి ఆదివారం చర్చికి వచ్చింది, రొట్టె మాత్రం ఆమెకు అందలేదు.

మళ్లీ కోతలకు కళ్లంలో మొదటి దోసెడు నా చేతుల్లో పోసింది.

"నువ్వు పోయ్. ఎవురన్నా అడిగితే ఉన్నది చెప్పు."

ఆమెకు అంతా తెలుసని అప్పుడర్థమైంది. ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు అవ్వ లేదు, కళ్లం లేదు, ఆ చేను ఇళ్ల స్థలాలైపోయింది. మా శాస్త్రంలోనూ పెద్ద సిద్ధాంతాల జోరు తగ్గింది. ముందు మనుషుల మాట వినాలి, రాసేవాడు తానెవరో, ఏ కళ్లతో చూస్తున్నాడో ఒప్పుకోవాలి అంటున్నాం, నేనే అంటున్నాను. మొన్న ఒక విద్యార్థిని గ్రంథాలయం నుంచి ఆ పరిశోధకుడి పాత పుస్తకం తెచ్చి, అవ్వ గురించిన పేజీ క్లాసులో చదివింది. అక్కడ అవ్వకు పేరు లేదు. సిద్ధాంతం కళ్లు కప్పేసింది మేడమ్, ఆ ఇంటివాళ్లను ఒక్కమాటైనా అడిగి ఉండడు అంది. క్లాసంతా అవునంది.

నేనూ అవునన్నాను.