ఫార్మాట్ చేయని సగం

మా ఆయనకి ఏ వస్తువునీ పారేయడం చేతకాదు. షాపులో కంప్యూటరు మరీ మొరాయిస్తోందని, ఒక్క ఫ్లెక్సీ డిజైను తెరుచుకునేలోగా కస్టమరు బయటికెళ్ళి టీ తాగి వచ్చేస్తున్నాడని, ఈమధ్య దానికి కొత్తరకం డిస్కు వేయించారు. తీసేసిన పాత హార్డ్ డిస్కుని ఒక నల్లటి కేసులో బిగించి, దానికో వైరు తగిలించి, ఏదో నగ చేయించి తెచ్చినంత దర్జాగా నా చేతిలో పెట్టారు.

"నీ స్కూలు వీడియోలన్నీ ఇందులో పడెయ్. ఫోన్ నిండిపోయిందని రోజూ నన్ను సాధించక్కర్లేదు."

"ఖాళీదేనాండీ?"

"మొత్తం తుడిచేశాను. కడిగిన పళ్ళెంలా ఉంది."

ఆయన కడిగిన పళ్ళేలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. అయినా నమ్మాను. నేను ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెబుతాను. పాఠం చెప్పడం కన్నా, చెప్పినట్టు వీడియో తీసి పంపడమే పెద్ద పనైన రోజులివి. ఆ డిస్కు నాకు నిజంగానే అవసరం.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, కోడికూరతో భోంచేసి, మా ఆయన నడుం వాల్చారు. పాప క్వయర్ ప్రాక్టీసుకని అక్కడే ఉండిపోయింది. నేను డిస్కుని నా లాప్‌టాప్‌కి తగిలించాను. తెర మీద ఒకటి కాదు, రెండు డ్రైవులు కనిపించాయి. ఒకటి ఖాళీ. రెండోది కిటకిటలాడుతోంది. డిస్కుని రెండు భాగాలు చేసి వాడుకున్న పెద్దమనిషి ఒక సగం తుడిచి, రెండో సగం సంగతే మర్చిపోయారన్నమాట. ఇల్లు ఊడ్చినా ఆయన ఇలాగే ఊడుస్తారు.

లేపి దులిపేద్దామనుకున్నాను గానీ, ముందు కాస్త చూద్దామనిపించింది. రామచంద్రపురంలో ఫ్లెక్సీల షాపంటే ఊరందరి ముఖాలూ అందులో ఉంటాయి. ఓణీల ఫంక్షనైనా, నాయకుడి పుట్టినరోజైనా మావైపు ముందు ఫ్లెక్సీ కట్టాలి. మనిషి పోయినా అంతే. వీధి మొగలో ఫ్లెక్సీ కట్టాకే ఆ కబురు రూఢి అవుతుంది. ఓణీలు వేసుకున్న పిల్లల్ని చూశాను. మీసాలు మెలేసిన పెళ్ళికొడుకుల్ని చూసి నవ్వుకున్నాను. తర్వాత 'జ్ఞాపకార్థం' అన్న ఫోల్డరు తెరిచాను.

అందులో కరోనా రెండోసారి విరుచుకుపడ్డ నాటివి చాలా ఉన్నాయి. మా ఆయన మనుషుల పేర్లతో కాకుండా చోటు పేరుతో దాచుకుంటారు. మిల్లు వీధి, మండపేట మాస్టారు, కాలవగట్టు, ఇలా. వాటి మధ్య 'ఇల్లు' అని ఒకటుంది. మా గృహప్రవేశం ఫోటోలు పొరపాటున ఇందులో పడ్డాయేమో అనుకుని నొక్కాను.

తెల్లటి మబ్బులు, పావురాలు, పైనుంచి దిగుతున్న వెలుగు. మధ్యలో నేను. నీలం పట్టుచీరలో నవ్వుతూ ఉన్నాను. పైన 'ప్రభువునందు నిద్రించిన మా ప్రియమైన' అని, కింద నా పేరు. జననం అన్నచోట నా పుట్టినరోజు తప్పు లేకుండా ఉంది. మరణం అన్నచోట ఒక గీత గీసి వదిలేశారు. అడుగున 'దుఃఖిస్తున్న భర్త, కుమార్తె, బంధుమిత్రులు' అని ఉంది.

చెప్తే నవ్వుతారు గానీ, వంటింట్లోకి వెళ్ళి గ్లాసుడు నీళ్ళు తాగాను. బతికున్న మనిషి చేసే పని ఏదో ఒకటి చెయ్యాలనిపించింది. తిరిగొచ్చి చూస్తే నేనక్కడే ఉన్నాను, పావురాల మధ్య. ఆ ఫైలు ఎప్పుడు చేశారో చూశాను. నేను రాజమండ్రి ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్న వారంలో చేశారు.

ఆ వారం నాకు బాగా గుర్తు. పాపని మండపేటలో మా ఆడపడుచు ఇంటికి పంపేశాం. బోర్లా పడుకోబెట్టేవారు. ఫోను పట్టుకునే ఓపిక లేకపోతే ఒక నర్సమ్మ నా చెవి దగ్గర పెట్టింది. "ఏం కాదే, నేను ప్రార్థన చేస్తున్నాను" అన్నారు మా ఆయన. ఆ ఒక్క మాట పట్టుకుని ఊపిరి తీసుకున్నాను. ఇంటికొచ్చాక చర్చిలో సంఘమంతటి ముందూ నిలబడి, నా భర్త విశ్వాసమే నన్ను బతికించిందని సాక్ష్యం కూడా చెప్పాను. ఆ మనిషి అదే వారంలో నాకు మబ్బులు పేర్చారు! ఒళ్ళు మండిపోయింది.

"లేవండి."

"ఏంటే, టీనా?"

"టీ కాదు. నా ఫ్లెక్సీ."

లాప్‌టాప్ ఆయన ముఖం ముందు పెట్టాను. ఆయన లేచి కూర్చుని చూశారు.

"డి డ్రైవ్... మర్చిపోయాను."

"డ్రైవ్ సంగతి తర్వాత చూద్దాం. నేనక్కడ ఊపిరి కోసం కొట్టుకుంటుంటే తమరిక్కడ పావురాలు అతికించారా?"

"డాక్టరుగారు ఫోన్ చేశారే. గుండె దిటవు చేసుకోమన్నారు."

"అయితే నా మీద ఆశ వదిలేసుకున్నారన్నమాట."

ఛ, అవేం మాటలు అంటారనుకున్నాను. అలా అంటే ఇంకా నాలుగు అందామని సిద్ధంగా ఉన్నాను.

"వదిలేసుకున్నాను" అన్నారు.

ఆయనే తల దించుకుని చెప్పుకుపోయారు. "అప్పుడు వీధికొకటి చేస్తున్నాను. అందరూ ఆధార్ కార్డులో ఫోటోలే పంపేవారు. నిన్ను అలా పెట్టడం నా వల్ల కాదు. పోనీ నువ్వు పోయాక చేద్దామా అంటే, అప్పుడు నా చెయ్యి ఆడదు. అందుకని ముందే చేసేశాను."

మనసు కొంచెం మెత్తబడింది, కొంచెమే. "దీని పక్కన ఇంకో ఫైలుంది. అది ఫోటోలా లేదు, నా లాప్‌టాప్‌లో తెరుచుకోవట్లేదు. అదేంటండీ?"

ఆయన లాప్‌టాప్ మూయబోయారు. "అదేం లేదు. ఉత్త నమూనా. వదిలెయ్."

ఆయన 'ఏం లేదు' అంటే ఏదో ఉందని నాకు పెళ్ళయిన కొత్తలోనే తెలిసింది. షాపు తాళాలు తీసుకుని చెప్పులేసుకున్నాను.

"ఆదివారమే" అన్నారు. సంఘ పెద్ద కాబట్టి ఆదివారం షట్టరెత్తిన పాపాన పోలేదు.

"దేవుడితో నేను చెప్పుకుంటాను లెండి."

చొక్కా గుండీలు పెట్టుకుంటూ నా వెనకాలే వచ్చారు. షాపు మా వీధి చివరే. షట్టరు సగం ఎత్తి లోపలికి దూరాం. ఆయన డిస్కు తగిలించి, నా వైపు ఒకసారి చూసి, ఫైలు నొక్కారు. డిస్కు మార్చకముందైతే అది తెరుచుకునేలోగా ఏదో ఒకటి చెప్పి నన్ను ఇంటికి పంపేసేవారే. కొత్త డిస్కు ఆయనకి అంత వ్యవధి ఇవ్వలేదు.

అవే మబ్బులు, అవే పావురాలు. కానీ ఫోటోలు రెండు. నా పక్కన ఆయన. ఆయన పేరు కింద కూడా జననం, మరణం. అక్కడా ఒక గీత. అడుగున భర్త అన్న మాట తీసేశారు. 'కుమార్తె' అని ఉంది, దాని పక్కన మా పాప పేరులో సగం.

"రెండు ఫోటోలవి అప్పుడు చాలామందికి చేశాను" అన్నారు గొణుగుతూ.

"వాళ్ళయితే ఇద్దరూ జబ్బు చేసి పోయారండీ. మీకేం జబ్బు?"

ఆయన తెర మీద తన పేరు కింద ఉన్న గీత వైపే చూశారు. నాకప్పుడు అర్థమయింది. కస్టమర్లు కూర్చునే స్టూలు మీద కూలబడ్డాను. ఆశ వదిలేసుకున్నారని ఇంతసేపూ తిట్టుకున్నాను గానీ, ఎంతమంది మీద వదిలేసుకున్నారో నాకేం తెలుసు! అక్కడ ఫోన్లో నాకు ధైర్యం చెప్పిన మనిషి ఇక్కడ ఒక్కడే కూర్చుని ఇది చేశారు.

"పాపనొక్కదాన్నీ వదిలేసి పోదామనుకున్నారా?" అన్నాను.

"దాని పేరు కొట్టలేకపోయానే" అన్నారాయన. "ఊళ్ళో అందరి పేర్లూ కొట్టాను. దాని పేరు సగంలో ఆగిపోయింది. షట్టరు దించేసి మండపేట వెళ్ళిపోయాను. అక్కయ్య ఇంట్లో అది అన్నం తింటోంది. పక్కన కూర్చున్నాను. ముద్దలు కలిపి పెట్టాను. ఆ తర్వాత మళ్ళీ ఆ ఫైలు తియ్యలేదు."

చాలాసేపు ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఎక్కడ నొక్కాలో అడిగి, ఆ రెండో సగాన్ని నేనే తుడిచేశాను. ఇప్పుడా డిస్కు నిండా మా ఆరో తరగతి పిల్లల పద్యాలున్నాయి.

నాకు మాత్రం అప్పటినుంచీ స్థిమితం లేదు. మధ్యాహ్నం స్కూల్లో కాస్త తీరిక దొరికితే షాపుకి ఫోన్ చేస్తాను. సాయంత్రం కూరేం చెయ్యమంటారని అడుగుతాను. ఆయన ఏ కూర పేరూ చెప్పరు.

"ఉన్నాన్లే" అంటారు.