బోర్లించిన స్టీలు గ్లాసు

మొన్న బుధవారం మధ్యాహ్నం మా ఆఫీసు ఏడో అంతస్తులోని మీటింగ్ గదిలోకి అడుగుపెట్టగానే నిమ్మ వాసన ఫినాయిల్ గుప్పుమంది. నేల అప్పుడే తుడిచినట్టున్నారు. టీ తాగుతుండగా పిలుపొచ్చింది కాబట్టి నా స్టీలు గ్లాసు చేతిలోనే ఉంది. హెచ్‌ఆర్ ఆయన ఒక కాగితం నా వైపు జరిపి, పక్కన పెన్ను పెట్టారు. వ్యక్తిగత కారణాలతో నా అంతట నేనే ఉద్యోగం మానేస్తున్నానని అందులో ఉంది. "ఊరికే ఫార్మాలిటీ అండి, సంతకం పెట్టేస్తే ఇద్దరికీ మంచిది" అన్నారాయన. నా చెయ్యి పెన్ను దాకా వెళ్లిన మాట నిజం. అది ఎందుకు ఆగిందో చెప్పాలంటే ఆ గ్లాసు నాకు ఇచ్చిన భాగ్యమ్మ గురించి చెప్పాలి.

ఎనిమిదేళ్ల కిందట కొత్తగూడ దగ్గర వేరే కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా ఉండేదాన్ని. శుక్రవారం నాలుగింటికి పని తేలికపడ్డాక క్యాంటీన్ మూల బల్ల దగ్గర నలుగురం ఒక ఆట ఆడేవాళ్లం. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్లు వీరులో మంత్రగాళ్లో అయి అందులో తిరుగుతారు. ఎవరు ఏం సాధించారో పాచికలు తేలుస్తాయి. ఏ మంత్రం ఏం చేస్తుందో చెప్పడానికి ఇంగ్లీషులో ఓ లావుపాటి పుస్తకం ఉండేది. ఆట తక్కువ, ఆ పుస్తకం మీద పడి కొట్టుకోవడం ఎక్కువ. కథ నడిపేది మా టీమ్ లీడ్ ప్రవీణ్. ఏ మంత్రం నుంచైనా తనకు కావలసిన అర్థం పిండేవాడు. అతని గొంతు పెద్దది, పైగా మా జీతాల పెంపు అతని చేతిలో ఉండేది. ఇంకేం, అతను అన్నదే అర్థం.

ఒకరోజు ఆటలో నేను ఖైదీని. శత్రువు నా మీద ఒక మంత్రం వేశాడు. దానికి మేం పెట్టుకున్న పేరు మాటకట్టు. సరే, మాట్లాడను, కాపలావాడికి చీటీ రాసిస్తానన్నాను. నోరు కట్టేస్తే అన్నీ కట్టేసినట్టేనని ప్రవీణ్ కొట్టిపారేశాడు. పక్క బల్ల తుడిపిస్తున్న హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ భాగ్యమ్మ మా వైపు తిరిగింది. నర్సాపూర్ వైపు మనిషి, యాభై దాటింది, పదో తరగతి చదివింది. పుస్తకంలో ఏం రాసుందో తెలుగులో చెప్పమంది. నోట మాట రాదని, మంత్రగాడు చూపు తిప్పేదాకా అంతేనని చదివి చెప్పాను.

"నోరు అని రాసిండు. చెయ్యి అని రాయలే. పిల్లను రాసుకోనీ," అంది.

బల్ల చుట్టూ ఒక్కసారిగా నవ్వులు. ప్రవీణ్ ముఖం మాడిపోయింది. పై శుక్రవారం నుంచి తీర్పు చెప్పే పని ఆమెకే అప్పజెప్పాం. ఆమె డ్యూటీ నాలుగున్నరకు అయిపోయేది. ఐదో కుర్చీ లాక్కుని కూర్చుని, తన స్టీలు టీ గ్లాసును పాచికల మీద బోర్లించేది. మంత్రాన్ని మొదటి నుంచి చివరిదాకా పైకి చదివితే తప్ప గ్లాసు లేచేది కాదు. చదివాక మూడే ప్రశ్నలు. ఎవలు ఏసిండ్రు? ఎవల మీద? ఎంతసేపు? వీటిలో ఒక్కదానికి జవాబు లేకపోయినా మంత్రం పడలేదన్నమాటే. నేనంటే ఆమెకు ఇష్టమని తెలిసి ఒకసారి గారాలు పోయాను. నా నిప్పు మంత్రం తలుపుతో పాటు వెనకున్న సైనికుల్ని కూడా కాల్చాలని వాదించాను. తలుపు దాకే రాసుంది, నీకోసం గీత జరగదు అని తేల్చేసింది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమె చెప్పిందే న్యాయమని మొదటి రోజే తెలుసు, ఒప్పుకోవడానికే రెండు రోజులు పట్టింది.

తర్వాత ఓ శుక్రవారం క్యాంటీన్ గోడకు నోటీసు పడింది. హౌస్‌కీపింగ్ సిబ్బంది క్యాంటీన్ కుర్చీల్లో కూర్చోరాదని. కింద పేరు లేదు, సంతకం లేదు. మేం ఏం చేయాలో తోచక నిలబడ్డాం. భాగ్యమ్మ దాన్ని నాచేత రెండుసార్లు చదివించింది.

"ఎవలు ఏసిండ్రో లేదు. ఎంతసేపో లేదు. ఇగ పడలే బిడ్డా," అని ఎప్పటి కుర్చీలోనే కూర్చుని గ్లాసు బోర్లించింది. నాకు భయమూ వేసింది, ఈలవేయాలనీ అనిపించింది.

సోమవారం హౌస్‌కీపింగ్ వ్యవహారాలు చూసే ఫెసిలిటీస్ మేనేజర్ నన్ను పిలిచాడు. భాగ్యమ్మ డ్యూటీ వేళలో మీతో కూర్చుని ఆడుతోందట కదా అని అడిగాడు. డ్యూటీ అయ్యాకే కూర్చుంటుంది సార్ అని ఒక్క ముక్క అంటే చాలు. జీతాల పెంపు తేల్చే మా అప్రైజల్ మరుసటి వారమే. నాకు తెలియదు సార్ అన్నాను. రెండు రోజుల్లో ఆమెను జీడిమెట్లలో ఏదో మందుల ఫ్యాక్టరీకి మార్చేశారు. ఇంటి నుంచి రెండు బస్సులు మారాలి. సిగ్గుతో చచ్చిపోయాననడం తేలిక. నిజానికి చచ్చిపోలేదు, అప్రైజల్‌లో మంచి మార్కులే తెచ్చుకున్నాను. అందుకే ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే ఒళ్లు మండుతుంది, నా మీదే.

వెళ్లేరోజు భాగ్యమ్మ నా సీటు దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తన టీ గ్లాసు నాకని కీబోర్డు పక్కన పెట్టి, నెమ్మదిగా అడిగింది.

"నీ మీద ఎవలు ఏసిండ్రు బిడ్డా మాటకట్టు?"

జవాబు కూడా తనే చెప్పింది.

"ఎవలు ఎయ్యలే. నీకు నువ్వే ఏసుకున్నవ్. ఎంతసేపు ఉంచుకుంటవో నీ ఇష్టం. నేనైతె ఆడ గూడ కుర్చీల్నే కూసుంట."

ఆ తర్వాత ఫోన్ చేసి క్షమించమని అడిగాను. అయిపోయిన దాని ముచ్చట వద్దు, ఆట ఆడుతున్నరా లేదా అంది. ఆడుతున్నామని చెప్పాను. ఆమె నంబరు మారిపోయేదాకా అప్పుడప్పుడూ అదే అడిగేది.

బుధవారం ఆ గదిలో పెన్ను దగ్గర నా చెయ్యి ఆగింది అందుకే. నేను మానేయాలని నిర్ణయించింది ఎవరండీ అని అడిగాను. కంపెనీ అన్నారు. కంపెనీలో ఎవరు, పేరు చెప్పండి అన్నాను. ఆయన కాగితాన్ని ఇంకాస్త నా వైపు జరిపారు. ఈరోజే సంతకం పెట్టాలని ఎక్కడ రాసుందో చూపించమన్నాను. ఆయన గడియారం చూసుకున్నారు. గ్లాసులో మిగిలిన గుక్క తాగేసి, సంతకం చేయాల్సిన చోట దాన్ని బోర్లించాను. కాగితం మీద గుండ్రంగా టీ మరక పడింది.

"నా అంతట నేను మానట్లేదండి. కాబట్టి ఇది అబద్ధం. అబద్ధం మీద సంతకం పెట్టను," అన్నాను.

మాట బయటికి వచ్చింది. ఎనిమిదేళ్లు ఆలస్యంగా, ఆమెకు పనికిరాకుండా వచ్చింది. ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు. తేలేదాకా రోజూ వెళ్తున్నాను, నా కుర్చీలోనే కూర్చుంటున్నాను.