గొరిల్లా యాత్రకు నేను కట్టిన తిథుల లెక్క

విఘ్ననాయకునికి మ్రొక్కి, జరిగినది జరిగినట్లు వ్రాస్తున్నాను. శ్రీ సర్వజిత్ నామ సంవత్సర పుష్య బహుళ షష్ఠి, అనగా 2008 జనవరి నెలాఖరు. రాజమండ్రిలో నేను నడుపుతున్న ట్రావెల్స్ కార్యాలయానికి భీమవరం నుండి దంపతులిద్దరు వచ్చారు. సీతామహాలక్ష్మిగారు కళాశాలలో ముప్పై ఏళ్ళు జువాలజీ బోధించి పదవీ విరమణ చేసినవారు. భర్త రాజుగారిది రొయ్యల సాగు.

ఉగాండా కొండల్లోని గొరిల్లాలను చూడాలని ఆమె కోరిక. అందుకు పర్మిట్ కావాలి. అది అందులో వ్రాసిన ఒక్క రోజుకే చెల్లుతుంది. వారికి మాఘ పౌర్ణమినాటికి దొరికింది. ఏప్రిల్‌లో ఆమె మోకాలికి ఆపరేషన్ నిశ్చయమై ఉంది. ఆ తరువాత కొండలెక్కడం కుదరదని వైద్యుడు ముందే చెప్పాడు.

"మా చెరువుగట్టు మీదకి ఒక్కనాడూ రాలేదండీ! కోతుల కోసం ఆఫ్రికా ఎక్కుతుందంట," అన్నారు రాజుగారు.

"కోతులు కాదండీ, గొరిల్లాలు. నా క్లాసు పిల్లలకి ఏడాదిలో వచ్చేది, మీకింకా రాలేదు," అన్నారామె.

ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్న పది రోజులకు గానీ దాని పసుపుపచ్చ కార్డు చెల్లదు; అది లేనిదే ఉగాండాలో అడుగు పెట్టనివ్వరు. టీకాకు హైదరాబాదు వెళ్ళాలి. ఆమె మరునాడే బయలుదేరతానన్నారు. "అమావాస్య దాటనివ్వండమ్మా. మాఘ శుద్ధ విదియ మంచిది. ద్వాదశినాడు ఉగాండాలో, ఎంటెబ్బే విమానాశ్రయంలో దిగేసరికి పది నిండుతాయి," అన్నాను. బాల్యం నుండి దినగణన తిథులతోనే చేసినవాణ్ణి. పంచాంగం తిరగేయకుండానే చెప్పాను.

ప్రయాణానికి నాలుగు రోజుల ముందు విదియనాడు వారిద్దరూ వేయించుకున్న టీకాల కార్డుల మీది ఇంగ్లీషు తేదీలను కాగితం మీదికి ఎక్కిస్తుంటే ద్వాదశికి తొమ్మిది రోజులే వచ్చాయి. పంచాంగం తీశాను. నడుమ ఒక తిథి క్షయమైంది. సూర్యోదయాన్ని తాకకుండానే ముగిసిన తిథి అది; దానికంటూ ఒక రోజు లేదు. తిథులు పది, రోజులు తొమ్మిది. ద్వాదశినాడు దిగితే విమానాశ్రయంలోనే ఆపేస్తారు.

వెంటనే ఫోన్ చేసి, తప్పు నాదేనని చెప్పాను.

"టీకాకి పంచాంగం తెలియదు కదండీ శాస్త్రిగారూ!" అన్నారామె. 

రాజుగారు ఫోన్ లాక్కున్నారు. "ముహూర్తం పెట్టిందీ మీరే, మింగిందీ మీరేనా? ఇప్పుడేంటి దారి?"

ద్వాదశి మరునాటి విమానంలో దిగితే కార్డు చెల్లుతుంది. సాయంత్రం దాకా ప్రయత్నించగా అందులో ఒక్క సీటే దొరికింది. ఆ తరువాతి విమానమెక్కితే పౌర్ణమి దాటిపోతుంది. ఆ మాటా చెప్పాను. అవతల ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. ఆమె "మీరు లేకుండానా?" అనడం వినబడింది.

"ఆవిడ పేరు రాయండి," అన్నారు రాజుగారు. "ఆయ్, నాకు మోకాళ్ళు బానే ఉన్నాయి."

నాటినుండి నా కార్యాలయంలో టీకా, వీసా గడువులను ఇంగ్లీషు తేదీలతోనే లెక్కించి, మరొకరిచేత సరిచూపిస్తున్నాను. శాస్త్రం తప్పు చెప్పలేదు. అడగవలసిన చోట నేనే అడగలేదు.

మాఘ పౌర్ణమినాడు సీతామహాలక్ష్మిగారు ఒక్కరే, మోకాటికి పట్టీ కట్టుకొని, మూడు గంటలు కొండ ఎక్కి, నియమం ప్రకారం ఒక గంటసేపు గొరిల్లాల గుంపును చూశారు. 2008 ఏప్రిల్‌లో ఆమె మోకాలికి ఆపరేషన్ జరిగింది. రాజుగారి పర్మిట్ వినియోగం కాలేదు. ఆయన ఉగాండా వెళ్ళనేలేదు.