పాత గుడ్డల మూట

మొన్న ఆదివారం మా కాలనీ సంఘం వాళ్లు నాకు శాలువా కప్పారు. ఎందుకయ్యా అంటే, సమాజసేవకట! నేను చేసిన సేవల్లా సంఘం మీటింగుల్లో ముందు వరసలో కూర్చుని నిద్రపోకుండా ఉండటం. ఇంటికొచ్చి దాన్ని బీరువాలో పెట్టబోతే అట్టడుగున ఉన్న పాత శాలువా ఒకటి చేతికి తగిలింది. అంతే, ఒళ్లు మండిపోయింది. ఆ మంటలో సగం నా మీదే.

మా పెద్దమ్మ పద్మనాభం దగ్గర పల్లెటూరి మనిషి. పెదనాన్న పోయాక, పంతొమ్మిదివందల డెబ్భైల్లో, పట్నంలో వన్‌టౌన్‌లోని మా ఇంటికి వచ్చేసింది. వాళ్ల ఊరి నుంచి ఏ ఆడపిల్ల కాన్పుకి పట్నం వచ్చినా ఆసుపత్రిలో తోడుండేది ఆవిడే. రానురాను ఊరూ పేరూ తెలియని వాళ్లకి కూడా ఉండేది. నడుం రాసేది, చెయ్యి పట్టుకునేది, మైల గుడ్డలు ఉతికేది. అప్పుడే పుట్టిన బిడ్డకి కొత్తబట్ట వెయ్యరు కదా, పాత నూలుగుడ్డలోనే చుట్టాలి. అందుకని వీధిలో ఎవరి పంచె ఎప్పుడు పాతబడుతుందా అని ఆవిడ కళ్లలో వత్తులు వేసుకుని చూసేది. పక్కింటి దర్జీ సాయిబు లుంగీ అంచు పట్టుకుని మెత్తదనం చూస్తుంటే, ఆయన "ఇంకా కట్టుకునే ఉన్నానక్కా, అప్పుడే లాక్కోకు!" అంటూ నవ్వుకుంటూ లోపలికి పరిగెత్తేవాడు. వారం తిరక్కుండా ఆ లుంగీ వేణ్ణీళ్లలో ఉడికి, ఎండలో ఆరి, నాలుగు ముక్కలై పెద్దమ్మ మూటలో చేరేది.

ఎనభైల్లో నేను రేవు దగ్గర ఒక కంపెనీలో గుమాస్తాని. మా మేనేజరుగారు మెంబరుగా ఉన్న క్లబ్బుకి సేవామూర్తుల్ని సన్మానించాలని బుద్ధి పుట్టింది. పెద్దమ్మ వెళ్లే ప్రసూతి ఆసుపత్రిలోనే సభ. నా దస్తూరీ బాగుంటుందని ప్రశంసాపత్రాల మీద పేర్లు రాసే పని నాకిచ్చారు. అందులో ఒకాయన వార్డుకి ఫ్యాను ఇచ్చి మూడు రెక్కల మీదా తన పేరు రాయించుకున్నాడు. ఫ్యాను తిరిగితే పేరు కనబడటం లేదని ఆయన దిగులు. చివరికి ఒక పత్రం ఖాళీగా మిగిలింది. "నీకు తెలిసినవాళ్లెవరైనా ఉంటే రాసెయ్యవోయ్" అన్నారు మేనేజరుగారు. మైల గుడ్డలు ఉతికే మా పెద్దమ్మని ఆ కోట్లు తొడుక్కున్నవాళ్ల మధ్య నిలబెట్టడానికి నాకు నామోషీ అనిపించింది. మేనేజరుగారి బావమరిది పేరు రాశాను.

సభ రోజున ఫోటోల్లో అడ్డొస్తారని తోడున్న ఆడవాళ్లందరినీ క్లబ్బువాళ్లు గేటు బయటికి పంపించేశారు. పెద్దమ్మ నా చొక్కాకున్న బ్యాడ్జీ చూసి, మూట చంకనపెట్టుకుని ఆశగా వచ్చింది.

"ఒరే బాబూ, లోన ఆ గుంటకి తల్లి లేదురా. మొగుడు ఉక్కునగరం కట్టుబడి పనిలో ఉన్నాడు. నొప్పులొచ్చేత్తన్నాయి, బయపడిపోతాది. నన్ను లోనకి పంపమని సెప్పరా."

"ఒక్క అరగంట పెద్దమ్మా, ఫోటోలు అయిపోతాయి" అన్నాను.

అరగంట రెండు గంటలయింది. సేవ గొప్పదనం గురించి అంతసేపు మాట్లాడారు మరి! వార్డులో ఉన్న ఒక్క నర్సునీ దండలు అందించడానికి పెట్టుకున్నారు. అక్కడ ఆ పిల్ల పెద్దమ్మని పిలిచి పిలిచి ఒంటరిగానే కన్నది. మేం వెళ్లేసరికి బిడ్డ తడిసిన చీరకొంగులో వణుకుతోంది. పెద్దమ్మ మూట విప్పి, బిడ్డని తుడిచి, సాయిబు లుంగీ ముక్కలో చుట్టి గుండెకి హత్తుకుంది. ఒళ్లు వెచ్చబడి బిడ్డ గట్టిగా ఏడ్చేదాకా నా వైపు చూడనే లేదు.

సాయంత్రం సభలో మిగిలిన శాలువా ఒకటి అడిగి తెచ్చి ఆవిడ భుజాల మీద కప్పాను, చేసిన తప్పు దాంతో కప్పేద్దామని. ఆవిడ దాన్ని వేళ్లతో నలిపి, చెంపకి ఆనించుకుని చూసింది.

"ఏటిరా ఇది, గుచ్చుకుంటాది! పసిగుడ్డుకి పనికిరాదు" అని మడతపెట్టి నా చేతిలో పెట్టేసింది. మర్నాడు పొద్దున్నే మళ్లీ ఆసుపత్రికి బయల్దేరింది.

పెద్దమ్మ పోయినప్పుడు పేపర్లో ఒక్క ముక్క రాలేదు. ఫ్యాను ఆయన పేరు మాత్రం ఇప్పుడు ఒక వీధికి ఉంది. వాళ్లననేం లాభం, ఆ రోజు కలం నా చేతిలోనే ఉంది కదా! మొన్న ఆ పాత శాలువా బయటికి తీసి, ఆవిడలాగే చెంపకి ఆనించుకుని చూశాను. నలభై ఏళ్లయింది. ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.