తబలా వెనకబడిన ఆదివారం

మా దానం బావ తబలా మోగిస్తే గోదాట్లో పులసలు ఎదురీత మాని తాళం వేసేవి. నమ్మకపోతే మానండి. ఆ తబలా తోలుది కాదు, టాబ్‌లోని యాప్. కొత్తపేట ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పే బావ, ఆదివారం మా చర్చి పాటల బృందాన్ని దాంతోనే నడిపేవాడు.

ఈ ఏడు, ఈస్టర్‌కి వారం ముందొచ్చే మట్టల ఆదివారం దగ్గరపడగానే ఆ టాబ్ బ్యాటరీ పనసకాయలా ఉబ్బింది. కొత్తది కొన్నాడు. పాత యాప్ అందులోకి ఎక్కనంది. అది రాసింది పాత ప్రాసెసర్ భాషలో. కొత్త ప్రాసెసర్‌కి ఆ భాష రాదు. రాసినాయనే దాన్ని మళ్లీ తయారుచేసి ఇవ్వాలి, ఆయనేమో ఎప్పుడో ఆ పని మానేశాడు. బావ ఊరుకుంటాడా? మధ్యలో తర్జుమా చేసే ప్రోగ్రామ్ ఒకటి పెట్టాడు. కూటాల్లో తమిళ బోధకుడు ఒక మాటంటే పక్కనాయన తెలుగులో చెబుతాడు చూడండి, అదే ఏర్పాటు.

"చిప్పు మారితే ఏంట్రా, వాయించేది నేనేగా!" అని నా వీపు చరిచాడు.

మట్టల ఆదివారం పల్లవి బాగానే సాగింది. చరణంలో నడక మారేసరికి పాట ముందుకీ తబలా వెనక్కీ పోయాయి. ముందుండి పాడేది సువార్తమ్మ దొడ్డమ్మ. మా సగం ఊరికి పాట నేర్పింది ఆవిడే.

బావ మైకులోనే అనేశాడు. "దొడ్డమ్మగారూ, మీరు తొందరపడిపోతన్నారండి. వయసు మీద పడింది గదా, కాస్త మెషిన్ని వినండి."

మగాళ్ల వైపు నవ్వు లేచింది. ఆవిడ పాటల పుస్తకం మూసి చాప మీద కూర్చుంది. మంచి శుక్రవారానికీ పాడలేదు.

శనివారం బావ పాత టాబ్‌లో ఉండిపోయిన ఫొటోలు తీసుకుందామని దానికి ఛార్జర్ పెట్టాడు. సరదాకి రెండింట్లోనూ ఒకే తాళం మోగించాడు. పాతది సాఫీగా పోతోంది. కొత్తది నడక మారినప్పుడల్లా, మాట అందని తర్జుమా ఆయనలా తడబడి ఆగుతోంది.

"ఒరేయ్, దొడ్డమ్మ తొందరపడలేదురా."

"అయితే వెళ్లి చెప్పు."

"నలుగురిలో అన్నాను గదరా." తల ఎత్తలేదు. అన్నం కూడా ముట్టలేదు.

ఈస్టర్ రోజు సాక్ష్యాల వేళ లేచాడు. ఎవరి మనసులో ఏముంటే అది చెప్పుకునే వేళ అది. కళ్లు మూసుకుని, "ప్రభువా, నా గర్వాన్ని క్షమించు" అంటూ సాగదీశాడు.

ఆడవాళ్ల వైపు నుంచి వచ్చింది మాట. "దేవుడు విన్నాడు గానీ దానం, నేనింకా వినలేదు. దేనికంట క్షమాపణ?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. బావ కళ్లు తెరిచాడు. "తప్పు మెషిన్‌దండి... కాదండి, నాదేనండి. మీ తాళం సరిగ్గానే ఉందండి. వచ్చి పాడండి దొడ్డమ్మగారూ."

"ఆయ్," అని లేచిందావిడ.

బావ టాబ్ కట్టేశాడు. దొడ్డమ్మ పల్లవి ఎత్తుకుంది. చరణం దగ్గర ఆగిపోయి, ఆవేళ బావ మెషిన్ని వినమన్నట్టే ఆరిపోయిన టాబ్ నల్లటి అద్దం వైపే చూస్తూ, మోగని తబలా కోసం కాచుకుని, అప్పుడు మొదలుపెట్టింది. బృందమంతా ఆవిడతోపాటే ఆగింది. ప్రతి చరణానికీ అంతే. బావ తలుపు దగ్గర నిలబడి, పాట అయ్యేదాకా తన కాళ్లకేసే చూసుకున్నాడు.